ఆదివారం క్లాసుని రెండు బ్యాచ్‌లు చేసెయ్యాలా? శ్రీకాకుళం మాస్టారి ఉత్తరానికి జవాబు

ప్రశ్న:

నమస్కారమండి. నేను జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను, ఉండేది శ్రీకాకుళం టౌన్లోనే. నా పాత స్టూడెంట్లు కొంతమందీ నేనూ కలిసి ఈ జూలై నుంచి ఆదివారం పూట ఒక క్లాసు పెట్టాం, టెన్త్, ఇంటర్ చదివే పిల్లలకి. ట్యూషన్ కాదు, సిలబస్ కాదు, ఫీజు లేదు, బళ్ళో చెప్పడానికి టైం ఉండని సంగతులు నాలుగు చెప్దామని. జెడ్పీ స్కూళ్ళు, కేజీబీవీ (ఆడపిల్లల గవర్నమెంటు హాస్టల్ బడి), గురుకులం, టౌన్లో ప్రైవేటు స్కూళ్ళు, ఒక కార్పొరేట్ కాలేజీ, కావాలనే అన్నిచోట్ల నుంచీ తీసుకున్నాం. ముప్పై మంది పైనే వచ్చారు. నెల తిరక్కుండానే ప్రైవేటు పిల్లలు ముందు బెంచీలు, మా బళ్ళ పిల్లలు వెనక బెంచీలు అయిపోయారు. ఏం అడిగినా ముందు బెంచీల్లోంచే జవాబు, అదీ ఇంగ్లీషులో. ఒకరోజు కేజీబీవీ పిల్ల ఒకత్తి లేచి "ఏటి మేస్టారూ" అని మొదలెట్టేసరికి ఎవరో కిసుక్కుమన్నారు, ఆ పిల్ల అక్కడితో కూర్చుండిపోయింది, తర్వాత వారం ఆమె, ఆమె ఫ్రెండూ ఇద్దరూ రాలేదు. ఇంకోపక్క ఒక తండ్రి ఫోన్ చేసి, దీనివల్ల ఈఏపీసెట్‌లో ఏమన్నా ఉపయోగముందా, లేకపోతే మావాడు ఆదివారం చదువుకుంటాడు అంటాడు. మావాళ్ళలో ఒకరేమో రెండు బ్యాచ్‌లు చేసేద్దాం, ఎవరి లెవెల్లో వాళ్ళకి చెప్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు? ఆఖర్లో స్కూళ్ళ మధ్య ఒక క్విజ్జూ, సర్టిఫికెట్లూ పెట్టాలని కూడా ఉంది.

జవాబు:

మాస్టారూ, నమస్కారం. ముందు తేల్చి చెప్పేస్తాను, బ్యాచ్‌లు విడగొట్టకండి. విడగొడితే మీ దగ్గర మిగిలేది రెండు ఉచిత ట్యూషన్లు, దానికి మీరు ఆదివారం నిద్ర మానుకుని రావక్కర్లేదు. మీ ఫ్రెండ్ చెప్పింది మంచి మనసుతోనే, కానీ ఆ "ఎవరి లెవెల్లో వాళ్ళకి" అన్నది పిల్లలకి చేరేటప్పుడు వేరేలా చేరుతుంది, వెనక బెంచీ వాళ్ళు ఓహో మనం ఇంతే అనుకుంటారు, ముందు బెంచీ వాళ్ళు చూశావా మనం ఇంత అనుకుంటారు, ఇద్దరికీ బళ్ళో రోజూ చెప్తున్నదే మీరు ఆదివారం కూడా చెప్పినట్టవుతుంది.

ఇది మీ ఒక్కరికే వచ్చిన తలనొప్పీ కాదు. ఇంగ్లండ్‌లో లక్షల ఫీజులు కట్టే బళ్ళూ గవర్నమెంటు బళ్ళూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవట్లేదని 1990ల చివర్లో అక్కడి ప్రభుత్వమే డబ్బులిచ్చి ఇద్దరి పిల్లలకీ కలిపి కోర్సులు పెట్టించింది. వాటిమీద అక్కడ వినపడే విమర్శ ఏంటంటే, డబ్బున్న బడి పెట్టే చెయ్యి, గవర్నమెంటు బడి పుచ్చుకునే చెయ్యి అయి కూర్చుంటుందని. మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానంలో కూడా ఒక ప్రభుత్వ బడినీ ఒక ప్రైవేటు బడినీ జత కలపాలని రాసే ఉంది. హాస్టల్ పిల్లల్ని పంపడానికి డీఈవో ఆఫీసుకో గురుకులం ప్రిన్సిపాల్‌కో లెటర్ పెట్టేటప్పుడు ఆ వాక్యం ఒకటి పడెయ్యండి, పని తొందరగా అవుతుంది.

ఇక మీ ఉత్తరంలో నాకు తగిలిన మాట "ఏం అడిగినా" అన్నది. మీరు బోర్డు దగ్గర నిలబడి అడుగుతున్నారు, ఎవరు ముందు చెయ్యెత్తితే వాళ్ళు చెప్తున్నారు. ఇది ఎవరికి అలవాటైన ఆట చెప్పండి? ఎనిమిదో క్లాసు నుంచి ఐఐటీ ఫౌండేషన్ అని వారం వారం బిట్లు కొట్టే పిల్లలకి నిద్రలో లేపి అడిగినా జవాబు వస్తుంది, ఆలోచించక్కర్లేకుండా వస్తుంది. వెనక కూర్చున్న పిల్లకి జవాబు తెలియక కాదు, ఆ స్పీడు అలవాటు లేక. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టేస్తే కలిసిపోతారు అనుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. కలవాలంటే ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి అవసరం పడాలి. అవసరం లేని చోట ఏ వయసువాళ్ళూ కలవరు, పెళ్ళి భోజనాల దగ్గర చూడండి, అందరం ఒకే హాల్లో ఉంటాం, ఎవరి బంధువులు వాళ్ళ బంతిలోనే కూర్చుంటాం.

కాబట్టి మార్చాల్సింది టాపిక్కూ, పని పంచే తీరూ. టాపిక్ ఎలాంటిది కావాలంటే ఏ గైడులోనూ, ఏ కోచింగ్ మెటీరియల్లోనూ జవాబు ఉండకూడదు, కానీ మన జిల్లా పిల్లలందరూ దాని గురించి వినుండాలి. మీరు ఫిజిక్స్ మాస్టారు కాబట్టి నేనైతే అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిని తీసుకుంటాను.

అరసవల్లిలో ఏటా రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ పొద్దున్న సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మన దగ్గర చిన్నపిల్లాడికి కూడా తెలుసు. టీవీల్లో చూపిస్తారు, జనం వెళ్తారు, మబ్బు పడితే ఉసూరుమంటారు. కానీ ఎందుకు రెండుసార్లే? ఎందుకు ఆ తేదీలే, మార్చికీ అక్టోబర్‌కీ ఏంటి సంబంధం? ఈ ప్రశ్న మీ ముప్పై మందినీ అడిగి చూడండి, ముందు బెంచీలో కూడా చేతులు లేవవు. ఆ నిశ్శబ్దం మీకు కావాలి మాస్టారూ, అక్కడ అందరూ ఒకే గీత మీద నిలబడతారు.

మీకు తెలిసిందే, అయినా క్లాసులో ఎలా విప్పుతానో చెప్తాను. సూర్యుడు సరిగ్గా తూర్పున పుట్టేది ఏడాదికి రెండు రోజులే, మార్చి 20, 21 దగ్గర ఒకసారి, సెప్టెంబర్ 22, 23 దగ్గర ఒకసారి. సెప్టెంబర్ దాటాక రోజూ కాస్త కాస్త దక్షిణానికి జరుగుతాడు, అక్టోబర్ 1, 2 వచ్చేసరికి తూర్పుకి ఓ నాలుగు డిగ్రీలు దక్షిణంగా పుడతాడు, అలా జరిగి జరిగి డిసెంబర్ 21, 22కి మన శ్రీకాకుళం నుంచి చూస్తే దాదాపు 25 డిగ్రీలు పక్కకి వెళ్ళిపోయి అక్కడ ఆగి వెనక్కి తిరుగుతాడు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అదే నాలుగు డిగ్రీల చోటు తగిలేది మార్చి 9, 10 దగ్గర. అక్టోబర్ 2 నుంచి డిసెంబర్ 21కి క్యాలెండర్లో రోజులు లెక్కపెట్టమనండి, 80 వస్తాయి. డిసెంబర్ 21 నుంచి మార్చి 10కి లెక్కపెడితే 79. పిల్లలు వేళ్ళమీద లెక్కేసి ఆ రెండు నంబర్లు బోర్డుమీద పక్కపక్కన పడ్డప్పుడు వాళ్ళ మొహాలు చూడండి. గుడి కట్టినవాళ్ళు దారి ఎటు తిప్పి కట్టారో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది.

దీన్ని చెప్పి వదిలెయ్యకుండా కొలిపించాలి. ప్రతి పిల్లకీ ఒక చోటు, డాబానో, పొలం గట్టో, హాస్టల్ మేడో, వారానికి ఒకసారి పొద్దున్న అదే చోట నిలబడి సూర్యుడి అంచు ఎక్కడ కనపడిందో గుర్తు పెట్టుకోవాలి, ఏ కొబ్బరిచెట్టు పక్కన, ఏ సెల్ టవర్‌కి ఎడమపక్కన అని బొమ్మ గీసుకోవాలి. అంచు కనపడగానే గుర్తు పెట్టుకుని కళ్ళు తిప్పెయ్యాలి, సూర్యుణ్ణి తేరిపార చూడకూడదని గట్టిగా చెప్పండి. కొలవడానికి యంత్రం అక్కర్లేదు. చెయ్యి బారుగా చాపి చూస్తే పిడికిలి అడ్డం సుమారు 10 డిగ్రీలు, చిటికెనవేలు అడ్డం 1 డిగ్రీ. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వారానికి దాదాపు మూడు చిటికెనవేళ్ళ మేర జరుగుతాడు, అంటే రెండో వారానికే తేడా కంటికి తెలిసిపోతుంది. డిసెంబర్ దగ్గరకొచ్చేసరికి కదలడు, అప్పుడు పిల్లలు మేం ఏమన్నా తప్పు కొలిచామా అని కంగారుపడతారు, పడనివ్వండి.

ఇప్పుడు చూడండి ఎవరి దగ్గర ఏముందో. టౌన్లో అపార్ట్‌మెంట్లో ఉండే పిల్లాడికి తూర్పు కనపడదు, ఎదురు బిల్డింగ్ కనపడుతుంది. కార్పొరేట్ హాస్టల్ పిల్లాడు ఆ టైంకి స్టడీ అవర్లో ఉంటాడు, పాపం సూర్యోదయం చూసి ఎన్నాళ్ళయిందో. కళింగపట్నం వైపు నుంచో బారువ వైపు నుంచో వచ్చే పిల్లకి ఎదురుగా సముద్రం, అడ్డం ఏమీ లేదు, ఆమె తెచ్చే కొలత అందరికంటే సరైన కొలత. ఆ కొలత పట్టుకుని త్రికోణమితి లెక్క వెయ్యగలిగేది బహుశా ప్రైవేటు పిల్లాడు. ఇంట్లో తాతగారి గంటల పంచాంగం చదవడం వచ్చిన పిల్ల ఇంకెవరో ఉంటుంది, ఏడాది పొడుగునా సూర్యోదయం టైములు అందులోంచి తీస్తుంది. ఒకరు లేకపోతే ఇంకొకరి పని ఆగిపోతుంది. మీకు కావాల్సింది ఇదే.

ఈ పద్ధతికి ఒక చరిత్ర కూడా ఉంది. 1971లో అమెరికా టెక్సస్‌లో ఆస్టిన్ ఊళ్ళో నల్లవాళ్ళ పిల్లల్నీ తెల్లవాళ్ళ పిల్లల్నీ స్పానిష్ మాట్లాడే కుటుంబాల పిల్లల్నీ కొత్తగా ఒకే బళ్ళలో కలిపితే రోజూ గొడవలు. ఇలియట్ ఆరన్‌సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ వెళ్ళి క్లాసులో కూర్చుని చూస్తే ఆయనకీ కనపడింది మీ క్లాసులో ఉన్నదే, టీచర్ అడగడం, కొందరు ఎగబడటం, మిగతావాళ్ళు తల దించుకోవడం. ఆయన పిల్లల్ని ఐదారుగురు చొప్పున కలగలిపి, పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక ముక్కే ఇచ్చాడు. నీ ముక్క నువ్వు చదువుకుని మిగతావాళ్ళకి చెప్పాలి, వాళ్ళు చెప్పింది నువ్వు వినాలి, పరీక్ష మొత్తం పాఠం మీద. ఎగతాళి చేస్తే నష్టం తనకే అని పిల్లలకి తెలిసొచ్చింది. మీరూ అంతే చెయ్యండి, గ్రూపుకి ఆరుగురు, ఒకే బడి పిల్లలు ఇద్దరికి మించొద్దు, కానీ ఒక్కరే పడకుండా కూడా చూడండి, ముఖ్యంగా ఆడపిల్లల్ని. తెలిసినవాళ్ళు ఒక్కరైనా పక్కనుంటే నోరు పెగులుతుంది. గ్రూపుల్ని మీరే రాయండి, ఎవరికి నచ్చిన వాళ్ళతో కూర్చోండి అన్నారంటే మళ్ళీ మొదటికొస్తారు.

ముందు బెంచీలో బాగా ఎగబడే కుర్రాడు ఒకడుంటాడు కదా, వాణ్ణి తిట్టకండి, అందరిముందు అస్సలు తిట్టకండి. వాడి చేతికి పుస్తకం ఇచ్చి గ్రూపులో మిగతావాళ్ళు చెప్పేది రాయడం నీ పని అనండి. రాసేవాడు వినక తప్పదు.

గుడి విషయం కాబట్టి ఒక జాగ్రత్త. కొలతలు ఎవరి డాబా మీద నుంచి వాళ్ళవి, గుడికి రావడం ఎవరికీ కంపల్సరీ కాదు. క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉంటారు, లెక్కకి లోపలికి వెళ్ళక్కర్లేదు కూడా.

రెండో టాపిక్ కావాలంటే పొందూరు ఉండనే ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి శుభ్రం చేసి సన్నటి నూలు తీసే ఊరు పక్కనే పెట్టుకుని మన పిల్లలకి నూలు నంబర్ అంటే ఏంటో తెలీదు. పాత ఇంగ్లీషు లెక్కలో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఒక పౌండుకి ఎన్ని తూగితే అది ఆ నూలు నంబర్. అంటే నూరో నంబరైతే ఒక పౌండులో 84,000 గజాలు. దాన్ని కిలోమీటర్లలోకి మార్చమనండి, 77 దగ్గర వస్తుంది, అరకిలో కూడా లేని నూలు శ్రీకాకుళం నుంచి విజయనగరం దాటి పోతుంది. నాగావళిలో నీటి వేగం కొలవడం కూడా మంచి పనే, నారింజపండు వదిలి వాచీ పట్టుకుంటే చాలు, కానీ ఇసుక తవ్విన గోతులుంటాయి, పిల్లల్ని నీళ్ళలోకి దించొద్దు, నాకైతే భయం, వంతెన మీద నుంచో పక్క కాలవ దగ్గరో చేయించండి.

ఇంకోటి, గవర్నమెంటు బడి పిల్లల జీవితాల్నే టాపిక్ చెయ్యకండి. ఉద్దానం పిల్లలున్నారు కదా, కిడ్నీ జబ్బు మీద ప్రాజెక్ట్ చేద్దాం అని మీ టీంలో ఎవరో ఒకరు ఉత్సాహపడతారు. ఆ పిల్ల ఇంట్లో డయాలసిస్ మీదున్న మనిషి ఉండొచ్చు, ఆదివారం అది మర్చిపోడానికే ఇక్కడికి వస్తుండొచ్చు. ఆ పిల్లే అడిగితే సరే.

ఇక పేర్లు చెప్పుకోవడం. మీరు ప్రతి వారం "పేరు, స్కూలు" అడుగుతున్నారని నా అనుమానం, అందరం అడుగుతాం. మానెయ్యండి. ఉత్తరప్రదేశ్ పల్లెటూళ్ళలో కార్లా హాఫ్, ప్రియాంక పాండే అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకి దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు అగ్రకులాల పిల్లలూ దళిత పిల్లలూ సమానంగా చేశారు. అదే పజిల్స్, ముందు ఒక్కొక్కరి పేరూ తండ్రి పేరూ కులమూ పైకి చదివి మొదలెడితే దళిత పిల్లలు చేసిన పజిల్స్ తగ్గిపోయాయి. 2006లో అచ్చయింది ఈ పని. స్కూలు పేరూ కులమూ ఒకటే అనను, కానీ మన జిల్లాలో స్కూలు పేరు చెప్తే ఇంటి సంగతి సగం చెప్పినట్టే, కేజీబీవీ అంటే ఒక లెక్క, ఏసీ క్యాంపస్ అంటే ఒక లెక్క. పిల్లలకి ఎలాగూ తెలుస్తుంది, తెలియనివ్వండి, క్లాసు మొదట్లో మైకులో మీరు చదవక్కర్లేదు. యూనిఫాం వద్దని రూలు మాత్రం పెట్టకండి, యూనిఫామే మంచి జత అయిన పిల్లలుంటారు. టీషర్టులు కుట్టిద్దాం అని ఎవరో ఒక దాత వస్తాడు, వీపు మీద వాళ్ళ షాపు పేరుతో. దండం పెట్టి పంపెయ్యండి.

భాష దగ్గరకొద్దాం. ఇంగ్లీషు వద్దంటే మీ వెనక బెంచీ పిల్లలకే అన్యాయం, వాళ్ళకి అది కావాలి. ఒక పద్ధతి చెప్తాను, ఇంగ్లీషులో ఉన్న కాగితం చదివి తెలుగులో చెప్పాలి, మరుసటి వారం తెలుగులో ఉన్నది చదివి ఇంగ్లీషులో చెప్పాలి. మొదటి దాంట్లో ప్రైవేటు పిల్లలకి చెమటలు పడతాయి, చూడండి, చాలామందికి "వాలు" అనీ "అక్షాంశం" అనీ నోట రాదు. గవర్నమెంటు బళ్ళ పిల్లలకి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు అలవాటే, రెండు మాటలూ వాళ్ళ దగ్గర ఉంటాయి. రెండో వారం సీను తిరగబడుతుంది. ఎవరికి ఏ వారం కష్టమో అందరూ చూస్తారు, నవ్వు దానంతటదే తగ్గుతుంది.

ఆ నవ్వు సంగతి. లెక్చరివ్వకండి, యాసల గొప్పదనం మీద అసలే ఇవ్వకండి, ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. మీరు శ్రీకాకుళం మాస్టారు, ఇంట్లో మాట్లాడేట్టే క్లాసులో మాట్లాడండి, "ఏటర్రా, ఎంత వచ్చింది?" అనండి బోర్డు దగ్గర. మీ పాత స్టూడెంట్లలో జెడ్పీ బడి నుంచి ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకి వెళ్ళి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఉండే ఉంటారు, వాళ్ళలో ఒక అమ్మాయిని క్లాసు చెప్పమనండి, ఇక్కడి మాటలోనే. మళ్ళీ ఎవరన్నా నవ్వితే ఆగి వాళ్ళకేసి చూడండి చాలు, మాస్టార్లకి ఆ చూపు ఉంటుంది కదా.

రాని పిల్లలిద్దరి కోసం ఈ వారమే వెళ్ళండి. ఫోన్ కాదు, కేజీబీవీకి, మీ టీంలో ఒక ఆడమనిషిని తీసుకుని. "ఎందుకు రాలేదు" అనకండి, "నువ్వు అడగబోయింది ఏంటి, నాకు అర్థం కాకుండానే కూర్చున్నావు" అనండి. నవ్వు వల్లే మానేశారని మీరనుకుంటున్నారు, అయ్యుండొచ్చు, కానీ పర్మిషన్ ఇవ్వక కూడా అయ్యుండొచ్చు, వెంట వచ్చే టీచర్‌కి ఆదివారం వీలుకాక కూడా అయ్యుండొచ్చు. మన దగ్గర పిల్లలు మానేసేది అన్నిసార్లూ సిగ్గు వల్ల కాదు, బస్సు వల్ల కూడా. స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం వచ్చాక ఆడపిల్లలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు, మగపిల్లలకి ఉంది. చార్జీలు ఇవ్వాలనుకుంటే పేరు పిలిచి ఇవ్వకండి, దూరం నుంచి వచ్చే ప్రతి ఒక్కరికీ, అడిగినా అడక్కపోయినా, కవర్లో పెట్టి. క్లాసు తొమ్మిదిన్నరకి మొదలెట్టి ఒంటిగంట దాటనివ్వకండి, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చే పిల్ల చీకటి పడకముందు ఇంట్లో ఉండాలి. మధ్యలో టిఫిన్ ఒకటే అందరికీ, ఉప్మా అయినా సరే. ఇంటి డబ్బాలు విప్పే టైంలోనే క్లాసు మళ్ళీ రెండుగా చీలుతుంది, ఒకరి డబ్బాలో నూడుల్స్, ఒకరికి డబ్బాయే లేదు.

ఆ తండ్రికి ఏం చెప్పాలి? నిజం చెప్పండి, ఈఏపీసెట్‌లో దీనివల్ల ర్యాంకు పెరగదు. అబద్ధం చెప్పి ఆపుకున్న పిల్లాడు నవంబర్లో ఎలాగూ పోతాడు. అయితే ఆయన అడగని భయం ఒకటుంది, బీద పిల్లల మధ్య కూర్చుంటే మావాడు చెడిపోతాడేమో అని. దానికి జవాబుంది. ఢిల్లీలో 2007 నుంచి పెద్ద ప్రైవేటు స్కూళ్ళు కొన్ని సీట్లు బీద పిల్లలకి ఇవ్వాల్సొచ్చింది. గౌతమ్ రావ్ అనే ఆర్థికవేత్త ఆ క్లాసుల్లో డబ్బున్న పిల్లల్ని పరిశీలించి 2019లో అచ్చేశాడు, బీద పిల్లలతో చదివినవాళ్ళలో పంచుకునే గుణం పెరిగింది, ఆటల్లో బీద పిల్లల్ని దూరం పెట్టడం తగ్గింది, లెక్కల్లో హిందీలో మార్కులేం తగ్గలేదు, ఇంగ్లీషులో మాత్రం కొద్దిగా తగ్గాయి. ఆ చివరిది కూడా దాచకుండా చెప్పండి, నమ్మకం కుదురుతుంది. అప్పటికీ వద్దంటే పోనివ్వండి, బతిమాలొద్దు. కానీ వెళ్ళే ముందు ఒకసారి కుర్రాణ్ణి అడగండి, వాడికి ఆదివారం పొద్దున్న తప్ప ఊపిరాడే టైం లేకపోయుండొచ్చు, వాడే ఇంట్లో పోట్లాడతాడు.

క్విజ్ సంగతికొస్తే, స్కూళ్ళ మధ్య పోటీ మాత్రం పెట్టకండి. మూడు నెలలు కలిపింది ఒక పూటలో విప్పేసుకున్నట్టే. ఇదీ ఊరికే అనట్లేదు. మ్యాట్ లో అనే ఆయన ఉత్తరప్రదేశ్ పల్లెల్లో వేర్వేరు కులాల కుర్రాళ్ళతో క్రికెట్ లీగులే పెట్టి చూశాడు, 2021లో అచ్చయింది. ఒకే టీంలో ఆడిన వేరే కులంవాళ్ళతో స్నేహాలు పెరిగాయి, ఎదురు టీంలో ఉన్నవాళ్ళతో మాత్రం ఆ మేలు జరగలేదు, పైగా వెనక్కి పోయింది. కాబట్టి పోటీ పెట్టాలనిపిస్తే కలగలుపు గ్రూపుల మధ్యే పెట్టండి, లేదంటే పోటీ బదులు తల్లిదండ్రుల్ని పిలిచి పిల్లల చేత వాళ్ళ కొలతలు చెప్పించండి, ఒక్కో గ్రూపుకి పది నిమిషాలు. వేదిక మీద కుర్చీలు, శాలువాలు, అతిథుల ప్రసంగాలు పెట్టారంటే పిల్లలకి మిగిలేది పది నిమిషాలు కూడా కాదు.

సర్టిఫికెట్ ఇవ్వండి, ఊళ్ళో ఇంట్లో ఫ్రేము కట్టించుకునే వాళ్ళుంటారు. అందులో పిల్ల పేరూ, గ్రూపులో తను చేసిన పనీ రాయండి, "సముద్రం ఒడ్డు నుంచి పది వారాలు సూర్యోదయం కొలిచింది" అని. ఫస్టూ సెకండూ వద్దు.

టైము చూసుకోండి మాస్టారూ. అక్టోబర్ 2 గాంధీ జయంతి, అందరికీ సెలవే, అంతకు ముందే సెప్టెంబర్ మొదటివారం నుంచి కొలతలు మొదలైపోవాలి. మబ్బు పట్టిన వారం ఖాళీ గడి వదిలెయ్యమనండి, ఊహించి నింపొద్దని చెప్పండి, సైన్సు అంటే అదీ నేర్చుకోవాలి. సంక్రాంతి లోపు క్లాసు ముగించెయ్యండి, ఆ తర్వాత ప్రీఫైనల్సూ ప్రాక్టికల్సూ వచ్చి పడతాయి, ఏ హెచ్చెమ్మూ ఏ ప్రిన్సిపాలూ పిల్లల్ని వదలరు. మార్చి 9, 10కి పరీక్షల హడావిడిలో ఉంటారు కాబట్టి ఆ ఒక్కరోజు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఒక్క నిమిషం చూసి, ఫోనున్నవాళ్ళు మీ వాట్సాప్‌కి పెడతారు, లేనివాళ్ళు పోస్టుకార్డు రాస్తారు, అడ్రస్ రాసిన కార్డులు ముందే చేతికిచ్చి పంపండి.